లోగిలికి ఏటా కావలసిన చేతులు: టెక్కలి దగ్గర ఒక మొఖాసా ఇంటి పునరుద్ధరణ

టెక్కలికి తూర్పున, సముద్రపు గాలి తగిలేంత దూరంలో ఉన్న ఒక ఊళ్ళో ఈ ఇల్లు ఉంది. ఒకప్పుడు మొఖాసా, అంటే జమీందారు కింద ఒక ఊరి శిస్తు అనుభవించే హక్కు, ఉన్న కుటుంబానిది. కుటుంబం కోరిక మీద ఊరి పేరు, ఇంటిపేరు రాయడం లేదు. ఊరివాళ్ళు దీన్ని పెద్దిల్లు అంటారు, ఇంటివాళ్ళు లోగిలి అంటారు. వీధివైపు రెండు పొడవాటి అరుగులు, వాటి వెనక చావడి, చావడి దాటితే నాలుగు పక్కలా వసారాలున్న మండువా, ఇంకా వెనక్కి వెళ్తే వంటిల్లు, ధాన్యం గది, పెరడు, నుయ్యి. ఎడమ పక్కన తర్వాతి కాలంలో కట్టిన మిద్దె గది ఒకటుంది. దాన్ని ఇప్పటికీ కచేరీ గది అనే పిలుస్తారు.

నన్ను పిలిచేటప్పటికి వారసుల ముందు రెండు దారులున్నాయి. ఒకటి పాత కలప వ్యాపారి బేరం. స్తంభాలు, దూలాలు, ద్వారబంధాలు ఊడదీసుకుపోయి స్థలం చదును చేసి ఇస్తానన్నాడు. రెండోది ఒక కాంట్రాక్టరు అంచనా: పెంకు తీసేసి స్లాబు వేయడం, గోడలన్నిటికీ సిమెంటు ప్లాస్టరింగ్ చేయడం. పాత ఇళ్ళ మరమ్మతు నా వృత్తి కాబట్టి మూడో దారి ఏమైనా ఉందా అని నన్ను అడిగారు. ఉందని చెప్పాను, కానీ మరమ్మతుకు అయ్యే ఖర్చు చెప్పకముందే ఒక ప్రశ్న వేశాను: పని అయిపోయాక ఏటా ఈ ఇంటిని ఎవరు చూస్తారు, వాళ్ళకి కూలి ఎవరిస్తారు?

ఈ ప్రశ్న కోసమే ఈ కేసు రాస్తున్నాను. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో నేను చూసిన పాత లోగిళ్ళలో వయసు మీరి కూలినవి లేవు. ఏటా జరగాల్సిన పని ఆగిపోయిన పదేళ్ళకో ఇరవయ్యేళ్ళకో కూలినవే అన్నీ.

ముందు ఇంటి చరిత్ర. మరమ్మతుకి చరిత్ర ఎందుకని చాలామంది అడుగుతారు. ఏ గోడ ఎప్పటిదో, దేనితో కట్టారో తెలియకుండా దాని మీద చెయ్యి వేయకూడదు. పైగా ఈ ఇంట్లో, అది ఇన్నాళ్ళు ఎలా నిలబడిందో చరిత్రే చెప్పింది.

కుటుంబంలో అందరూ మూడు వందల ఏళ్ళ ఇల్లనే చెప్పుకుంటారు. గోడలు, కప్పు ఆ మాట చెప్పడం లేదు. వెనక భాగం అన్నిటికన్నా పాతది. పల్చటి పలక ఇటుక, మట్టి అడుసుతో కట్టుబడి, పైన సున్నపు పూత, గూన పెంకు, వేగిస, గుగ్గిలం దూలాలు. కలపంతా ఆ చుట్టుపక్కల కొండల మీద దొరికేదే. ముందు భాగానికి వచ్చేసరికి స్తంభాలు రంగం (రంగూన్) టేకు. ఒకప్పుడు కళింగపట్నం రేవుకీ బర్మాకీ మధ్య మనుషులూ సరుకులూ తిరిగేవి, ఈ జిల్లా నుంచి కూలికి రంగం వెళ్ళని ఊరు అరుదు. చావడి కప్పు బెంగుళూరు పెంకు. పేరు బెంగుళూరుదైనా ఆ పెంకు మంగుళూరులో బాసెల్ మిషన్ వాళ్ళ ఫ్యాక్టరీలో 1865లో మొదలైంది కాబట్టి చావడి కప్పు అంతకన్నా పాతది కావడానికి వీల్లేదు. కచేరీ గది మిద్దెకి వాడినవి ఇంగ్లండు ముద్ర ఉన్న ఇనుప దూలాలు. అంత బరువైన దూలాలు ఈ ఊరిదాకా రావడానికి 1890లలో వేసిన ఈస్ట్ కోస్ట్ రైలు మార్గమే దారి చూపి ఉంటుందని నా అంచనా. అంటే ఇల్లు ఒక్కసారి కట్టింది కాదు, మూడు విడతల్లో పెరిగింది. వెనక భాగం పంతొమ్మిదో శతాబ్దం మొదటి సగానిదై ఉండొచ్చు. ఇంటి పెద్దాయనకి ఈ మాట కాస్త కష్టంగా అనిపించింది. కానీ లేని వయసు అంటగట్టినంత మాత్రాన ఇంటికి గౌరవం పెరగదు, ఉన్న వయసే చాలా గొప్పది.

కాగితాల దగ్గర ఒక చిక్కు వచ్చింది. దస్తావేజులు దొరకడం లేదని కుటుంబం అప్పటికే ఆశ వదులుకుంది. వాళ్ళు వెతుకుతున్నది శ్రీకాకుళం జిల్లా పేరుతో. ఆ జిల్లా 1950 ఆగస్టు 15న ఏర్పడింది. దానికి ముందు టెక్కలి ప్రాంతం విశాఖపట్నం జిల్లాలో ఉండేది, 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరు కాకముందు గంజాం జిల్లాలో ఉండేది. గంజాం పేరుతో వెతికితే పంపకాల దస్తావేజు నకలు, దానితో పాటు ఇంటి హద్దులూ గదుల వివరమూ దొరికాయి. ఈ వైపు పాత ఇళ్ళ మీద పనిచేసేవాళ్ళకి ఈ ఒక్క సంగతి చాలా కాలం మిగులుస్తుంది.

ఇక అసలు విషయం. 1802 శాశ్వత సెటిల్‌మెంట్ తర్వాత ఈ ప్రాంతమంతా జమీందారీలు, వాటి కింద మొఖాసాలు, ఇనాములు. ఈ కుటుంబానికి ఒక ఊరి శిస్తు వచ్చేది. ఇంటిని చూసుకునే పని కూడా ఆ ఊరిదే. ఇంటివాళ్ళ లెక్కల పుస్తకాల్లో పెంకు సర్దుబాటుకి, సున్నానికి, గచ్చు పనికి సరుకు ఖర్చు రాసి ఉంది, కూలి రాసి లేదు. ఎందుకు లేదో ఊళ్ళో వయసైన ఒకాయన చెప్పారు.

"మా అయ్య ఏటా వైశాఖంలో పెంకు సర్దడానికి ఎల్లీవోడు బావూ. కూలి నేదు. ఓ పూట గెంజి పోసీవోరు."

అది వెట్టి. కుటుంబంలో చిన్నవాళ్ళకి ఈ మాట కొత్త, పెద్దవాళ్ళకి తెలిసినా పలకని మాట. ఇంటి చరిత్ర రాసేటప్పుడు దీన్ని కూడా రాయాలని నేను పట్టుబట్టాను. దూలాలు వచ్చిన అడవి సంగతీ అంతే. 1940లో పక్కనే మందస జమీందారీలో అడవి కలప మీద హక్కు కోసం రైతులు తిరగబడ్డారు, గుడారి రాజమణిపురంలో పోలీసు కాల్పుల్లో వీరగున్నమ్మ చనిపోయింది. అదే కొండల కలప ఈ ఇంటి నెత్తిన ఉంది. ఇల్లు అందంగా ఉందని చెప్పేటప్పుడు ఆ అందం ఎవరి చేతుల మీదుగా వచ్చిందో చెప్పకపోతే సగం కథే చెప్పినట్టు. ఇంట్లోవాళ్ళు ఒప్పుకున్నారు. ఇప్పుడు చావడి గోడ మీద పెట్టిన ఇంటి చరిత్ర పలకలో వెట్టి సంగతి ఉంది.

1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో శిస్తు పోయింది. ఆ చట్టం ప్రకారం ఎస్టేటు వ్యవహారానికి మాత్రమే వాడుకునే కచేరీ కట్టడాలు ప్రభుత్వానికి పోయాయి, నివాసాలు యజమానులకే మిగిలాయి. ఇక్కడ కచేరీ గది ఇంటిని అంటుకునే ఉండి, ఇంట్లోవాళ్ళు కాపురానికి కూడా వాడుకోవడం వల్ల మిగిలింది. శిస్తుతో పాటు వెట్టి పోయింది. పోవాల్సిందే. కానీ కూలి ఇచ్చి ఆ పని చేయించుకోవాలన్న ఆలోచన ఇంటివాళ్ళకి అలవాటు లేదు, తర్వాత 1973 భూసంస్కరణల చట్టంతో కమతం ఇంకా తగ్గాక స్తోమతు కూడా లేకపోయింది. పిల్లలు విశాఖపట్నం, హైదరాబాదు చేరారు. అప్పటినుంచి కారినప్పుడే మరమ్మతు, అదీ సిమెంటుతో.

నేను చూసేసరికి ఇంటి పరిస్థితి ఇదీ. మండువా చుట్టూ గోడల్లో చెమ్మ నడుము దాటి పైకి ఎక్కింది. కింద నాలుగడుగుల మేర ఎప్పుడో సిమెంటు పూత వేశారు, ఆ పూత మీద ఎక్కడా తడి కనిపించదు. దాని పై అంచు నుంచి సున్నం పొట్టులుగా రాలుతోంది, తెల్లగా ఉప్పు పూసింది. నేలలోని నీరు ఇటుకలోకి పీల్చుకోవడం ఏ పాత గోడకైనా ఉండేదే. సున్నపు పూత అయితే ఆ తడిని ఎక్కడికక్కడ గాలికి వదిలేస్తుంది. సిమెంటు ఆ దారి మూసేసరికి నీరు పైకి వెళ్ళి, సిమెంటు లేని చోట బయటపడింది. నీరు ఆరిపోయి, అందులోని ఉప్పు ఇటుక రంధ్రాల్లో గడ్డకట్టి, ఇటుకనే పొడి చేసింది. సిమెంటు పూత కొట్టి చూస్తే వెనక ఇటుక వేలితో గీకితే రాలేలా ఉంది. ఆ తడే దూలాల కొసల దాకా వెళ్ళింది. గోడలో దిగిన కొసలు మూడు చోట్ల కుళ్ళి, రెండు చోట్ల చెదలు పట్టి ఉన్నాయి. దూలాల మధ్య భాగం మాత్రం గట్టిగా ఉంది. కలప వ్యాపారికి కావలసిందీ ఆ భాగమే.

ఇంత నీరు ఎక్కడిది? మండువాలో పడిన వాననీరు పోవడానికి నేల కింద నుంచి పెరటిలోకి రాతి తూము ఉంది. పెరట్లో ఒక గది కట్టినప్పుడు దాని నోరు మూసేశారు. వీధిలో సిమెంటు రోడ్డు మీద రోడ్డు వేయగా వేయగా వీధి ఎత్తు పెరిగి అరుగుకి దాదాపు సమానమైంది, వీధి నీరు ఇంటివైపే తిరిగింది. వానాకాలమంతా మండువా చిన్న చెరువు. అందుకని మొదటి డబ్బు తూము మీదే పెట్టించాను. పెరటి గది పునాది పక్కనుంచి తూముకి కొత్త దారి తవ్వాం, వీధివైపు అరుగు ముందు ఇనుప జల్లెడ మూత ఉన్న కాలువ కట్టాం. ఆ పని అయ్యాక ఒక వానాకాలం, ఒక ఎండాకాలం గోడల జోలికి వెళ్ళలేదు, సిమెంటు పూత కొట్టేసి వదిలేశాం. కుటుంబానికి ఇది చాలా టెన్షన్ పెట్టింది. గోడలు బోసిగా, గాయాలు కనిపిస్తూ ఉంటే పని ఆగిపోయిందని ఊళ్ళో అనుకున్నారు. కానీ తడి ఆరకుండా వేసిన ఏ పూతైనా మళ్ళీ రాలిపోతుంది. ఉప్పు బాగా పట్టిన చోట తడిపిన బంకమట్టి మందంగా పట్టు వేసి, ఆరాక తీసేసి, మళ్ళీ వేశాం. మట్టి ఆరుతూ ఉప్పుని తనలోకి లాక్కుంటుంది.

కప్పుది వేరే కథ. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస, వజ్రపుకొత్తూరు వైపు తీరం దాటినప్పుడు గాలి గంటకి 140 కిలోమీటర్లు దాటింది. ఉద్దానం కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. ఈ ఇంటి మీద బెంగుళూరు పెంకు చూరు అంచుల దగ్గర, కొప్పు దగ్గర లేచిపోయింది, మధ్యలో అలాగే ఉంది. గాలి కప్పుని ఎక్కువగా పీకేది ఈ రెండు చోట్లే. వెనక గూన పెంకు మీద కొబ్బరిచెట్టు పడి ఒక మూల మొత్తం పోయింది. దాని మీద కప్పిన నీలం టార్పాలిన్ చిరుగులతో అప్పటికీ అలాగే ఉంది. ఆ టార్పాలిన్ కింద ఊపిరాడక, కప్పు కారడం వల్ల పాడైన దానికన్నా ఎక్కువ వాసాలు పాడయ్యాయి.

సున్నం పని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇళ్ళు పోగొట్టుకునేది ఇక్కడే. ఒకప్పుడు ఈ తీరంలో సముద్రపు గుల్లలు కాల్చి గుల్ల సున్నం చేసేవారు. ఇప్పుడు మాకు కావలసినంత దొరకలేదు, రాతి సున్నమే గడ్డలుగా తెప్పించాం. సంచుల్లో వచ్చే పొడి సున్నం ఈ పనికి వద్దన్నాను, అది ఎన్నాళ్ళు గాలికి ఉండి సత్తువ పోగొట్టుకుందో కొనేవాడికి తెలియదు. పెరట్లో గొయ్యి తవ్వి, గడ్డలు నీళ్ళలో వేసి, ఉడుకంతా తగ్గాక పైన నీరు నిలిపి నెలకి పైగా నాననిచ్చాం. ఎంత నానితే అంత వెన్నలా అవుతుంది. దాన్ని వంశధార ఇసుకతో, ఇటుక పొడితో కలిపి గానుగ పట్టించాం. ఇటుక పొడి వల్ల చెమ్మ చోట కూడా సున్నం గట్టిపడుతుంది. పెరట్లో పాత గానుగ రాయి ఉంది గానీ దాన్ని తిప్పే ఎడ్లు లేవు, మోటారు గానుగ అద్దెకి తెచ్చాం. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ళు కలిపాం. సముద్రపు ఇసుక మాత్రం దగ్గరలో ఎంత చవకగా దొరికినా గుమ్మం తొక్కనివ్వలేదు, దానితో ఉప్పు మళ్ళీ ఇంట్లోకి వస్తుంది.

చిన్నప్పుడు తండ్రితో గుళ్ళ సున్నం పనికి వెళ్ళిన ముసలి మేస్త్రి ఒకాయన పనికి పెద్ద. ఆయన కింద చేరిన కుర్రాళ్ళు సిమెంటు పని మాత్రమే తెలిసినవాళ్ళు. ఒకతను అడిగాడు, "ఒక్క బస్తా సిమెంటు కలిపితే తొందరగా పట్టుకుంటాది కదా తాతా?"

"పట్టుకుంటాదిరా. ఇటికని కూడా పట్టుకు పీకేస్తాది."

నేను గంటసేపు చెప్పే పాఠం అదే. పూత ఎప్పుడూ గోడకన్నా మెత్తగా ఉండాలి. కాలం గడిచేకొద్దీ పాడవాల్సింది పూత, దాన్ని మళ్ళీ వేసుకోవచ్చు. గోడ పాడైతే వేసుకోలేం. సంక్రాంతి తర్వాత మొదలుపెట్టి ఎండలు ముదరకముందే పూత పూర్తిచేశాం, గోనె సంచులు తడిపి వేలాడదీసి, పూత త్వరగా ఆరకుండా చూశాం. త్వరగా ఆరితే సున్నం బీటలిస్తుంది. గట్టిపడడానికి అది గాలిలోని బొగ్గుపులుసు వాయువుని పీల్చుకోవాలి, దానికి కొద్దిపాటి తడి, నెలల సమయం కావాలి.

దూలాలు మార్చలేదు. కింద ఆనులు పెట్టి బరువు దింపి, కుళ్ళిన కొసల వరకే కోసి, పాత ఇంటి కూల్చివేతలో దొరికిన ఎండు టేకుతో ఏటవాలు కోత పెట్టి అతికి, తుప్పు పట్టని స్టీలు బోల్టులు బిగించాం. గోడలో కొస చుట్టూ వేలెడు ఖాళీ వదిలాం, గాలి ఆడాలి. చెదలకి బోరాక్స్, బోరిక్ ఆసిడ్ కలిపిన నీళ్ళు పట్టించాం గానీ నా నమ్మకమంతా పొడిదనం మీదే. ఇంట్లో ఉండే పెద్దమ్మగారు ఒక మాట అన్నారు: కట్టెల పొయ్యి ఉన్నన్నాళ్ళు వంటింటి కప్పుకి పురుగు లేదు, గ్యాస్ వచ్చాకే పట్టింది. ఆమె చెప్పింది నిజం. పొగ, వేడి కలపని పొడిగా ఉంచేవి. కట్టెల పొయ్యికి వెనక్కి వెళ్ళమని ఎవరికీ చెప్పను, ఆ పొగ తిన్నది ఆడవాళ్ళ ఊపిరితిత్తులు. బదులుగా వంటింటి కప్పులో గాలి ఆడే జాలీ తెరిచి, కలపకి ఏటా నూనె పెట్టాలని నియమం పెట్టాం.

కచేరీ గది ఇనుప దూలాలు తుప్పుకి ఉబ్బి, మధ్య ఇటుకల్ని పైకి ఎత్తేశాయి. తుప్పు గీకి, జింకు ప్రైమరు పూసి, మరీ సన్నబడిన వాటి పక్కన కొత్తవి ఆనించాం. పెంకుకి మాత్రం ఒక మార్పు చేశాం. చూరు అంచు, కొప్పు వరసల్లో ప్రతి పెంకునీ రాగి తీగతో బద్దెకి కట్టాం. గూన పెంకు చేసే కుమ్మరులు దొరకలేదు, చుట్టుపక్కల కూలుతున్న ఇళ్ళ నుంచి ఏరి తెచ్చాం. కోతులు ఎక్కే దారిలో ఉన్న చెట్టు కొమ్మలు కొట్టించాం, వాటి వల్ల పగిలే పెంకు తుపానుకి పగిలే పెంకుకన్నా తక్కువేమీ కాదు.

వారసుల సంగతి క్లుప్తంగా చెబుతాను. అన్నదమ్ముల పిల్లలు, అక్కచెల్లెళ్ళ పిల్లలు కలిపి పెద్ద గుంపు. ఆడపిల్లల వాటా దగ్గర మాట వచ్చింది. హిందూ వారసత్వ చట్టానికి ఆంధ్రప్రదేశ్‌లో 1985 నాటి సవరణ, దేశమంతటికీ 2005 నాటి సవరణ ఉన్నాక వాళ్ళని పక్కన పెట్టి చేసే ఏ ఒప్పందమూ నిలవదని వకీలు తేల్చి చెప్పారు. అందరి సంతకాలతో ఇంటిని విడదీయకుండా ఒక ప్రైవేటు ట్రస్టు కింద పెట్టారు. గదుల వారీగా పంచుకుందామన్న ఆలోచనని నేను గట్టిగా వ్యతిరేకించాను. మండువా ఇంట్లో కప్పు అంతా ఒకటే, ఒక పక్క వాళ్ళు పెంకు సర్దకపోతే రెండో పక్క దూలం కుళ్ళుతుంది.

మొదట వేసిన ప్రశ్నకి జవాబు ఊరి చివర జీడితోట ఇచ్చింది. తిత్లీకి పోగా మిగిలిన చెట్లు, తర్వాత నాటినవి కలిపి తోట మెల్లగా కాపుకి వస్తోంది. దాని ఆదాయం ఇంటికి తప్ప దేనికీ వాడకూడదని ట్రస్టు దస్తావేజులోనే రాశారు. జీడి డబ్బు మార్చి నుంచి మే మధ్య చేతికొస్తుంది. పెంకు సర్దాల్సింది సరిగ్గా వైశాఖ, జ్యేష్ఠాల్లో, తొలకరికి ముందు. తోట పూర్తిగా కాపుకి వచ్చేదాకా తలా కొంత వేసుకుంటున్నారు. చావడి, కచేరీ గది ఊరి ఆడవాళ్ళ కుట్టు శిక్షణకి నామమాత్రపు అద్దెకి ఇచ్చారు. అద్దె కన్నా ముఖ్యం, ఆ గదుల తలుపులు రోజూ తెరుచుకుంటున్నాయి. ఎక్కడ చుక్క పడినా అదే రోజు కబురు వస్తోంది.

పని నేర్చుకున్న కుర్రాళ్ళలో ఇద్దరితో ట్రస్టు ఏడాది ఒప్పందం చేసుకుంది. ఇంట్లో ఒక పుస్తకం పెట్టాం. వేసవిలో పెంకు, మొదటి వాన తర్వాత తూము, కార్తీకంలో తుపాన్లు దాటాక కప్పు లోపలి తనిఖీ, పుష్యంలో సున్నం వెల్ల. చేసిన పని, చేసినవాళ్ళ పేరు, ఇచ్చిన కూలి అందులో రాయాలి. పాత లెక్కల్లో లేని ఆ కూలి గడి కొత్త పుస్తకంలో మొదటి వరసలోనే ఉండాలని చెప్పింది ఆ ఇంటి ఆడపడుచు.

ధాన్యం గది పని ఇంకా ఉంది. అక్కడ రెండు వేగిస దూలాలు విప్పి చూడాలి, గోడ మూల ఒకటి తిరిగి కట్టాలి. అతుకులకి కావలసిన కలప తెచ్చి వసారాలో ఆరబెట్టారు, సున్నం గొయ్యిలో నానుతోంది. సంక్రాంతి దాటగానే ఆనులు పెడతాం.